అడిగినవాళ్ళ వాటా

నవంబరు పద్నాలుగు, సాయంత్రం నాలుగూ నలభై. శామ్షీ కొండమేకపోతు కుడి తొడను మిగతా మాంసంలో కలపకుండా విడిగా గోనెగుడ్డలో చుట్టి, తన జీను వెనక తోలుతాళ్ళతో కట్టాడు. ముడి వేసి, లాగి చూసి, దాని మీద ఇంకో ముడి వేశాడు.

"అది విడిగా ఎందుకు?" అన్నాడు తొలెగెన్.

ఎందుకో అతనికి తెలుసు. శామ్షీ నోటితోనే చెప్పించాలని అడిగాడు.

"ఎష్మత్ గుడిసె మీదుగానే కదా దిగాలి."

"అయితే?"

"అయితే ఏముంది... అక్కడి వాటా అక్కడ ఇచ్చేయాలి."

 తొలెగెన్ తుపాకీ బెల్టు భుజం మీద సర్దుకున్నాడు. 

ఎష్మత్ గుడిసెకి తలాస్ లోయంతటా చెడ్డపేరు. కనుమ దిగువన రాళ్ళూ మట్టీ పేర్చి కట్టిన ఒంటి గది అది. ఒక తలుపు, జానెడు కిటికీ, ఇనప పొయ్యి. సామూహిక వ్యవసాయ క్షేత్రాల రోజుల్లో ఎష్మత్ అనే వేటగాడు చలికాలమంతా అందులో ఉండేవాడు. ఆ కొండల్లో ఆచారం ప్రకారం, వేట నుంచి వస్తున్నవాడికి ఎవరైనా ఎదురుపడి "షిరల్గా" అంటే వాటా ఇచ్చి తీరాలి. అడిగినవాడు స్నేహితుడా, శత్రువా, దారినపోయే దానయ్యా అని చూడకూడదు. ఒక రాత్రి ఎవడో తలుపు దగ్గరికొచ్చి ఆ మాట అన్నాడట. ఎష్మత్ గడియ తీయలేదట. వారం తిరక్కుండానే ఎష్మత్ ఆ గదిలోనే పోయాడు. అప్పట్నుంచి, కాదన్న ఆ నోరే రాత్రిళ్ళు తలుపు బయట నిలబడి అడుక్కుంటుందని చెప్పుకుంటారు.

అడిగితే ఇవ్వాలి. కిటికీలోంచి విసరాలి. బదులు పలకకూడదు. తలుపు మాత్రం... తీయకూడదు.

నవ్వేసి ఊరుకునేవాడే తొలెగెన్. ఇలాంటి కథలు తమ వైపు మాత్రం లేవా? కానీ ఆ పొద్దున కొండ ఎక్కబోతూ చివరి ఇంట్లో టీకి ఆగినప్పుడు, ఆ ఇంటి ముసలమ్మ ఉల్పాన్ రొట్టె విరుస్తూ ఒక మాట అంది.

"జాగ్రత్త బాబూ. ఈమధ్య ఎష్మత్ అడగటం లేదట. ఆ కజాఖ్ కుర్రాడే అడుగుతున్నాడట."

కజాఖ్ కుర్రాడంటే తొలెగెన్ తమ్ముడు నుర్కాన్. ఆ సంగతి ఆ ముసలమ్మకి తెలియదు. శామ్షీ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. తొలెగెన్ చేతిలో రొట్టె ముక్క నలిగి పొడైంది.

*

పద్దెనిమిదేళ్ళ వయసులో, సైన్యంలో ఉండగా, చితా అనే ఊరి దగ్గర ఒకే బారక్‌లో, పైమంచం ఒకరిదీ కిందమంచం ఒకరిదీగా రెండేళ్ళు గడిపారు తొలెగెన్, శామ్షీ. అప్పుడు ఇద్దరిదీ ఒకే దేశం. ఇప్పుడు తొలెగెన్ ఉండే తరాజ్ నుంచి శామ్షీ ఉండే తలాస్‌కి బస్సులో రెండు గంటల దారి. మధ్యలో దేశసరిహద్దు, తుపాకీ కాగితాలు రెండుసార్లు చూస్తారు.

పదకొండేళ్ళ కింద నుర్కాన్‌ని వేటకి పంపింది తొలెగెనే. పెళ్ళి కుదిరిన కుర్రాడు, ఒక్క కొండమేకనైనా కొట్టకుండా ఇల్లాలిని తెచ్చుకుంటానా అని గోల పెట్టాడు. "నా దోస్తు శామ్షీ ఉన్నాడు, పో" అన్నాడు తొలెగెన్. నుర్కాన్‌కి ఎక్కడికెళ్ళినా ఒకటే అలవాటు. తలుపు తట్టేవాడు కాదు. బయట నిలబడి గొంతు బరువు చేసి "షిరల్గా... అన్నా" అనేవాడు. పెళ్ళివారింట్లో అదే, పోస్టాఫీసులో అదే. లోపలివాళ్ళు ఉలిక్కిపడితే విరగబడి నవ్వేవాడు.

శామ్షీ ఒక్కడే తిరిగొచ్చాడు. నుర్కాన్ మోకాలికి దెబ్బ తగిలిందనీ, పైన జడలబర్రెల కాపర్ల దగ్గర ఆ రాత్రికి ఉంచి, మాంసంతో తాను ముందు దిగాననీ చెప్పాడు. వాడు మాట వినక చీకటి పడ్డాక బయల్దేరి ఉంటాడని, మంచుతుఫానులో గుడిసె కనపడక దారి తప్పాడని అందరూ అనుకున్నారు. జూన్‌లో మంచు కరిగాక శవం దొరికింది. గుడిసెకి నలభై మూడు అడుగుల దూరంలో.

తొలెగెన్ ఉద్యోగం రైలు పట్టాల తనిఖీ. ముప్ఫై ఏళ్ళుగా దూరాలు అడుగులతోనే కొలుస్తున్నాడు. ఆ జూన్‌లో ఆ దూరం కూడా కొలిచాడు. ఇంకొకటి కూడా చూశాడు. నుర్కాన్ తల లోయ వైపు ఉంది. పాదాలు గుడిసె వైపు. పైనుంచి వస్తూ గుడిసె దాకా చేరలేకపోయినవాడు అలా పడడు. గుడిసె దాకా వచ్చి... తలుపు దగ్గర్నుంచి కిందికి పోయినవాడు పడతాడు అలా.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. "నేను బతికుండగా ఆ కొండ గురించి ఎత్తొద్దు" అంది తల్లి. పండగ పండగకీ శామ్షీ ఫోన్ చేసేవాడు. పండగ పండగకీ తొలెగెన్ క్షేమమే అనేవాడు. ఈ వసంతంలో తల్లి పోయింది. నలభయ్యో రోజు భోజనాలకి వచ్చిన శామ్షీ, "నవంబరులో రారా, వేటకి పోదాం" అన్నాడు. తొలెగెన్ సరేనన్నాడు.

ఇంటి దగ్గరే ఒక తూటా విడిగా తీసి ఎడమ జేబులో వేసుకున్నాడు. అది మేక కోసం కాదు. ఎవరి కోసమో తనకి తాను కూడా చెప్పుకోలేదు.

*

ఆరున్నరకి గాలి మొదలైంది. ఏడింటికి గుర్రాల చెవులు కూడా కనపడటం లేదు. గుడిసె చేరేసరికి ఇద్దరి కనుబొమలూ తెల్లబడ్డాయి. గుర్రాలని గోడచాటున కట్టి, గోనెమూట లోపలికి తెచ్చి, శామ్షీ పొయ్యి రాజేశాడు. ఎండుపేడ పొగ గది నిండా కమ్ముకుని, మెల్లగా తగ్గింది.

తొలెగెన్ లోపలికి రాలేదు. మంచులో కిందికి నడిచి, వెనక్కి తిరిగి, అడుగులు లెక్కపెడుతూ వచ్చాడు. నలభై మూడు.

"ఏం చేస్తున్నావురా బయట?"

"కొలుస్తున్నా."

శామ్షీ ఏం కొలుస్తున్నావని అడగలేదు. గడియ వేసి, ఉప్పుటీ పోసి గిన్నె జరిపాడు. ఎండుపెరుగు ఉండలు నాలుగు పక్కన పెట్టాడు.

"గురి బాగానే ఉంది నీకు," అన్నాడు కాసేపటికి. "చితాలో డబ్బాని కొట్టమంటే ఆకాశాన్ని కొట్టేవాడివి. సార్జంటు ఏమనేవాడు? పైనున్నాయన నీ మీద కేసు పెడతాడనేవాడు."

తొలెగెన్ నవ్వలేదు.

"పోనీ టీ అయినా తాగు. విషం పొయ్యలేదులే."

"ఇక్కడ పడుకున్నవాడికి," అన్నాడు తొలెగెన్, "బయట నలభై మూడు అడుగుల దూరంలో మనిషి అరిస్తే వినపడుతుందా?"

"ఈ గాలిలోనా?"

"ఈ గాలిలోనే."

"... వినపడదు."

"తలుపు దగ్గర నిలబడి మాట్లాడితే?"

శామ్షీ పొయ్యిలో ఇంకో పేడముక్క వేశాడు. అప్పటికే నిండా ఉన్న పొయ్యి అది.

"పదకొండేళ్ళు," అన్నాడు తొలెగెన్. గొంతు పెంచలేదు. అతని కోపం గొంతులోకి వచ్చే రకం కాదు. వేళ్ళలోకి వస్తుంది. గిన్నె అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. "పదకొండేళ్ళు మా అమ్మకి ఫోన్ చేసి ఆరోగ్యం అడిగావు. మా ఇంటి అన్నం తిన్నావు. ఇక్కడేమో మా వాడిని దెయ్యం చేసి, మేకకాళ్ళు విసురుతున్నారు మీరు. కుక్కకి విసిరినట్టు."

"నేను దెయ్యమని ఎప్పుడూ అనలేదురా."

"మరి ఆ కాలెందుకు కట్టావు?"

శామ్షీ నోరు తెరిచాడు.

అప్పుడే బయట ఏదో తలుపుకి ఆనింది.

తట్టిన చప్పుడు కాదు. బరువు ఆనిన చప్పుడు. చెక్క ఒకసారి కిర్రుమంది. గాలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగింది...

"షిరల్గా..."

ఇద్దరూ విన్నారు.

 శామ్షీ చెయ్యి దానంతటదే గోనెమూట మీదికి పోయింది. మూట తీసుకుని కిటికీ వైపు ఒక అడుగు వేశాడు.

"ఆగు," అన్నాడు తొలెగెన్.

"పలక్కు... పలక్కురా..." గుసగుసగా అన్నాడు శామ్షీ.

తొలెగెన్ లేచి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. తుపాకీ గోడకి ఆనించి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ జేబులోంచి ఆ ఒక్క తూటా తీసి లోపల పెట్టాడు. బోల్టు మూసిన చప్పుడు చిన్న గదిలో పెద్దగా వినిపించింది.

"ఇప్పుడు చెప్పు. ఆ రాత్రి కూడా ఇలాగే అడిగాడా?"

శామ్షీ పొయ్యి పక్కన నేల మీద కూర్చున్నాడు. మూట మాత్రం వదల్లేదు.

"అడిగాడు."

"ఎవరు?"

"నుర్కాన్."

బయట గాలి మళ్ళీ లేచింది.

"వాడు పైన కాపర్ల దగ్గర ఉన్నాడు కదా... మోకాలు వాచి అడుగు వేయలేకపోయాడు కదా... నేనే పడుకోబెట్టి వచ్చాను. అర్ధరాత్రి తలుపు దగ్గర వాడి గొంతు. వాడు రావడమెలా సాధ్యం? ఎష్మత్ మనకి కావలసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తాడని మా అమ్మ చిన్నప్పట్నుంచీ చెప్పింది. తెలిసిన గొంతు అయితే అసలే తీయకూడదని చెప్పింది. షిరల్గా అన్నా, అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేను మాంసం విసిరాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ విసిరాను. మూడోసారి..."

"మూడోసారి?"

"మూడోసారి నవ్వు లేదు."

తొలెగెన్ చేతిలో తుపాకీ కదల్లేదు.

"పొద్దున చూస్తే రెండు ముక్కలూ కిటికీ కింద అలాగే ఉన్నాయి. గుమ్మం ముందు మంచు నున్నగా ఉంది. దెయ్యమేనని అనుకున్నా. ఒట్టు రా, అలాగే అనుకున్నా. జూన్‌లో వాడిని చూశాకనే..." శామ్షీ మొహం మూటకి ఆనించాడు. "తల లోయ వైపు ఉంది. నువ్వు చూశావా అని నీ మొహంలోకే చూస్తూ ఉన్నా."

"చూశాను."

"చూసి ఎందుకు అడగలేదు?"

"చూసి నువ్వెందుకు చెప్పలేదు?"

"షిరల్గా... అన్నా..."

ఈసారి మాట నెమ్మదిగా వచ్చింది. తలుపు కింది సగంలోంచి, నేలకి దగ్గరగా వచ్చినట్టు. శామ్షీ రెండు చెవులూ మూసుకున్నాడు.

తర్వాత జరిగింది తొలెగెన్ ధైర్యమని తలాస్‌లో కొందరు చెప్పుకుంటారు. ధైర్యం కాదు. భయానికి చోటు మిగల్లేదు అతనిలో, అంతే. పదకొండేళ్ళ కోపం గదంత అయింది. శామ్షీ మీద కోపం, శామ్షీ అమ్మ మీద, చచ్చి కూడా జనాన్ని వదలని ఎష్మత్ మీద, నవ్వులాటకి ప్రాణం పోగొట్టుకున్న తమ్ముడి మీద, పొమ్మని పంపిన తన మీద. బయట ఉన్నది తమ్ముడే అయితే మెడ పట్టుకుని లోపలికి ఈడవాలి. ఎష్మతే అయితే ఈ తూటా వాడిదే. ఎవరూ లేకపోతే... అది శామ్షీది.

"తీయకురా!" అని కాళ్ళు పట్టుకున్నాడు శామ్షీ. "తీయకు... నీకు దణ్ణం పెడతా..."

తొలెగెన్ కాలు విదిలించాడు. శామ్షీ భుజం పొయ్యికి తగిలి ఇనుము మోగింది.

"షిరల్గా."

మూడోసారి. నవ్వు లేదు.

తొలెగెన్ గడియ లాగాడు.

*

తలుపు తెరుచుకోగానే మోకాలెత్తు మంచు లోపలికి పడింది. మంచుతో పాటు ఒక మనిషి.

బతికున్న మనిషి. ముసలాయన. టోపీ లేదు. తెల్లగడ్డం గడ్డకట్టి అట్టలా ఉంది. ఒక చెయ్యి ద్వారబంధానికి అంటుకుపోయి ఉంటే తొలెగెన్ ఊది ఊది విడిపించాడు. ఒక బూటు ఎక్కడో జారిపోయింది. ఆ కాలు చెక్కలా ఉంది.

"అల్లా..." అన్నాడు శామ్షీ. "మనిషే..."

"చూస్తావేం? తలుపు వెయ్యి."

గొర్రెతోళ్ళు అన్నీ పరిచారు. తడిబట్టలు కోసి తీశారు. టీ చెంచాతో పోస్తే గడ్డం మీదుగా కారిపోయింది. పాదాలు పొయ్యి దగ్గర పెడితే కుళ్ళిపోతాయి. దానికి కొండ మనుషులకి ఒకటే మందు తెలుసు. శామ్షీ చొక్కా ఎత్తి ముసలాయన కుడిపాదం తన పొట్టకి ఆనించుకున్నాడు. తొలెగెన్ ఒక్క క్షణం చూశాడు. తర్వాత తనూ చొక్కా ఎత్తి ఎడమపాదం అందుకున్నాడు. ఆ చల్లదనానికి ఊపిరి ఆగినంత పనైంది.

అలాగే తెల్లారేదాకా కూర్చున్నారు. మధ్యలో ముసలాయన, ఇటొకడు, అటొకడు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండటానికి వీల్లేనంత చిన్న గది అది.

"వేడి వస్తోందా నీవైపు?" అని ఒక్కసారి అడిగాడు శామ్షీ.

"నోరు ముయ్యి," అన్నాడు తొలెగెన్.

తెల్లారుజామున ముసలాయన కళ్ళు తెరిచాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏ ఊరు పెద్దాయనా?" అన్నాడు తొలెగెన్.

పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు.

"గొంతు పట్టేసినట్టుంది," అన్నాడు శామ్షీ. "అంతసేపు ఆ గాలిలో అరిస్తే పట్టేయదూ."

గాలి తగ్గింది. ముసలాయన్ని శామ్షీ గుర్రం మీద కట్టినట్టు కూర్చోబెట్టారు. తొలెగెన్ తుపాకీ తెరిచి తూటా బయటికి తీశాడు. అరచేతిలో కాసేపు పట్టుకుని, గుడిసె కిటికీ గూట్లో పెట్టి వచ్చాడు. గోనెమూట తెచ్చి ముసలాయన ఒళ్ళో ఉంచాడు.

"అడిగావుగా. నీ వాటా."

ముసలాయన మూటని, తొలెగెన్‌ని అర్థం కానట్టు చూశాడు. తర్వాత తల వంచి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

నలభై మూడు అడుగుల దగ్గర తొలెగెన్ గుర్రాన్ని ఆపాడు. శామ్షీ కూడా ఆగాడు. ఎవరూ దిగలేదు.

కింద ఊళ్ళో వైద్యశాల వాళ్ళు ముసలాయన్ని లోపలికి తీసుకున్నారు. కొండకి అవతలి పక్క నుంచి తప్పిపోయిన ఆడగుర్రాలని వెతుక్కుంటూ ఒక ముసలాయన బయల్దేరాడని కబురొచ్చిందనీ, ఈయనే అయి ఉంటాడనీ అక్కడి నర్సు చెప్పింది. రెండు వేళ్ళు పోతాయి, ప్రాణానికి భయం లేదంది.

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర శామ్షీ చెయ్యి చాపాడు. తొలెగెన్ ఆ చేతిని చూశాడు, పట్టుకోలేదు.

"ఒక ముసలాడిని బతికించినంత మాత్రాన మావాడు లేచి రాడు," అన్నాడు.

"రాడు."

"ఆ తలుపు తీయడం ఎంత తేలికో చూశావా? ఒక గడియ. అంతే."

"చూశాను."

"ఇక ఫోన్ చెయ్యకు."

శామ్షీ తల ఊపాడు.

*

తొమ్మిది రోజుల తర్వాత, నవంబరు ఇరవై నాలుగున, తరాజ్‌లో తొలెగెన్ డ్యూటీ దిగి బూట్లు విప్పుతుండగా ఫోన్ మోగింది. శామ్షీ పేరు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. మూడోసారి మోగినప్పుడు ఒంటి బూటుతో లేచి వెళ్ళి ఎత్తాడు.

"చెయ్యొద్దన్నాను కదా."

"పెట్టెయ్యకు. ఒక్క సంగతి. ఆ పెద్దాయన కూతురు వచ్చింది ఇవాళ. తొడ తిరిగి ఇచ్చి వెళ్ళింది."

"మాంసం నచ్చలేదా?"

"గోనెగుడ్డ ముడి కూడా విప్పలేదురా. షిరల్గా అడిగినవాళ్ళదే, మా నాన్న దీన్ని అడిగి ఉండడు, ఇది ఇంకెవరిదో, మేం తినకూడదు అంది. అడిగాడమ్మా, మూడుసార్లు అడిగాడు, ఇద్దరం విన్నాం అన్నాను." శామ్షీ ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. "పిచ్చివాడిని చూసినట్టు చూసింది నన్ను."

 తొలెగెన్ ఫోన్ పెట్టేయలేదు.

"ఆయన పుట్టుమూగ రా. అరవై మూడేళ్ళలో ఒక్క మాట పలకలేదట."